పాలలో మునిగిన మాట

నేను ఒక గాజుగొట్టాన్ని. లాక్టోమీటరు అంటారు. కడుపులో సీసపు గుళ్ళు, మెడలో అంకెల కాగితం. పాలు చిక్కగా ఉంటే తేలతాను, పలచగా ఉంటే మునుగుతాను. ఎందుకు పలచబడ్డాయో నాకు తెలియదు. తెలుసని అందరూ అనుకుంటారు.

మొదట ఒక పాలకేంద్రంలో ఉండేదాన్ని. అక్కడి గుమాస్తా తనవాళ్ళ పాలలో నన్ను ముంచితే వంగి చదివేవాడు, కానివాళ్ళవైతే నిలబడి చదివేవాడు. చూపు ఎత్తు మారితే అంకె మారుతుంది. మనుషుల మీద నా అనుమానం అప్పటిది. ఆ కేంద్రం మూతపడ్డాక కాకినాడలో ఫిజిక్సు లెక్చరరు శేషాచలంగారి అలమరలోకి చేరాను.

ఆయన రిటైరయ్యాక నన్ను బయటికి తీయించింది ఒక కాఫీ తగాదా. కాఫీ నీళ్ళలా ఉందని ఆయన భార్య సుభద్రమ్మగారు గ్లాసు పక్కకు నెట్టారు. అది రెండోసారి దిగిన డికాక్షనని కోడలు హైమ చెప్పినా వినలేదు.

"డికాక్షన్ కాదమ్మా, పాలు. అంతా మీ నూకాలమ్మ చేతి చలవ."

ఇదివరకు సుభద్రమ్మగారి పుట్టింటి ఊరి సూరిబాబు పాలు పోసేవాడు. వేళకు రావడం లేదని హైమే అతన్ని మాన్పించి నూకాలమ్మను పెట్టింది. ఈ ఇంటి వాడుకను నమ్ముకుని నూకాలమ్మ రెండో గేదెను కొంది. ఇప్పుడు ఆ వాడుకే పోయేలా ఉంది.

సూరిబాబు పాలు కూడా తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టారు. మర్నాడు ఉదయం శేషాచలంగారు నన్ను నూకాలమ్మ అప్పుడే పితికి తెచ్చిన గోరువెచ్చని పాలలో వదిలారు. మునిగాను. ఫ్రిజ్‌లోంచి తీసిన సూరిబాబు పాలలో తేలాను. పాలు వెచ్చగా ఉంటే నేను కాస్త ఎక్కువే మునుగుతాను. ఈ పాఠం ఆయన ఏళ్ళ తరబడి చెప్పినదే. ఆ పూట గుర్తు రాలేదు. పక్కనే భార్య నిలబడి ఉన్నారు మరి.

హైమకు గుర్తొచ్చింది. రెండు గిన్నెలూ ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం మళ్ళీ చూసింది. నూకాలమ్మ పాలను గరిటెతో బాగా కలిపింది, తేలాను. సూరిబాబు పాలను కలపలేదు, పైనున్న మీగడతో సహా గ్లాసులోకి వంచేసింది. మీగడ తేలిక కదా, మునిగాను. ఆమె ముఖం విచ్చుకుంది. నూకాలమ్మది హైమ పుట్టింటి వైపు, తుని యాస. ఆ యాస గుమ్మంలో వినబడినా ఆ ముఖం అలాగే విచ్చుకునేది. మోసం చెయ్యాలని ఆమె అనుకోలేదు. చెయ్యి దానంతట అదే అటు పోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఎవరి అంకె వాళ్ళు చెప్పారు. శేషాచలంగారు పెరుగన్నం కలుపుకుంటూ తేల్చేశారు.

"పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా చెబితే లోపం దానిదే. పాలు చెరిసగం పోయించుకుందాం. ఆ గొట్టాన్ని మాత్రం రేపు అవతల పారేయండి."

నూకాలమ్మకు సగం వాడుక మిగిలింది. అత్తాకోడళ్ళు ఆ రోజు మొదటిసారి ఒకే మాట మీద తలూపారు.

"నాకు మొదట్నుంచీ దాని మీద అనుమానమే," అన్నారు సుభద్రమ్మగారు.

"నాక్కూడా అత్తయ్యగారూ," అంది హైమ.