పదకొండో దిమ్మ

మా ఇనుప పట్టా అబద్ధమాడదని ఆరేళ్ళపాటు తులరోసా ఊరంతా డబ్బా కొట్టుకున్నవాణ్ణి నేనే. పెళ్ళి విందుల్లో, చర్చి మెట్ల మీద, ఆఖరికి మంగలి కుర్చీలో కూర్చున్నా అదే గొప్ప. నా పేరు టెలెస్ఫోర్ లుసేరో. ఎడారిలో ఏడు మైళ్ళు తిన్నగా పరిచిన జంట పట్టాల్లో ఉత్తరం వైపు రెండు మైళ్ళు నా అజమాయిషీలో ఉండేవి. వాటిలో వెంట్రుకవాసి వంకర కూడా రాకుండా చూడటం నా ఉద్యోగం.

ఆ పట్టాల మీద చక్రాలు లేని ఇనుప బండి ఒకటి వీపున రాకెట్లు కట్టుకుని దూసుకుపోయేది. కళ్ళు మూసి తెరిచేలోగా మన ముందు దుమ్ము తప్ప ఏమీ మిగలదు. ఆ బండి కడుపులో ఒక పెట్టె ఉండేది. ఆకాశం అంచుదాకా ఎగిరి, మళ్ళీ రెక్కల మీద నేలకు దిగే విమానం ఒకటి తయారవుతోంది. బయటికి చూడకుండానే, లోపల తిరిగే చక్రాల సాయంతో, తానెక్కడున్నదీ ఆ విమానానికి చెప్పాల్సింది ఆ పెట్టె. దాన్ని చేసినాయన ఓరిన్ హాస్కెట్ గారు. మినెసోటా మనిషి, చలిదేశం వాడు. తక్కిన ఇంజినీర్లు వాళ్ళ భోజనశాలలో తినేవారు. ఈయన మాత్రం మా ట్రక్కు నీడన కూర్చుని మా ఆవిడ వండిన పచ్చిమిరప కూర తినేవాడు. కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతుంటే, ఇంకో గరిటె వెయ్యమని గిన్నె చాపేవాడు. అలాంటి మనిషిని ఇష్టపడకుండా ఎలా ఉంటాం!

పరీక్ష లెక్క చాలా తేలిక. పట్టా తిన్నగా ఉంది. దాని మీద పోయిన పెట్టె 'తిన్నగా వచ్చాను' అంటే మంచిది. 'పక్కకి జరిగాను' అంటే చెడ్డది. పట్టాని ఎవరూ ఏమీ అడగరు.

ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి బండి పోయింది. రెండుసార్లూ నా భాగంలో ఒకే చోట, పడమరకి గోరంత జరిగానంది పెట్టె. హాస్కెట్ దాన్ని విప్పి, చక్రాలు మార్చి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పాడు. చూస్తుండగానే ఆ మనిషి తల నెరిసిపోయింది. పైవాళ్ళు డిసెంబరు పన్నెండున ఒక్క ఆఖరి అవకాశం ఇచ్చారు.

ఒకరోజు కూర గిన్నె పక్కన పెట్టేసి నన్ను అడిగాడు. "లుసేరో, రేపు ఆ విమానంలో ఒక మనిషి కూర్చుంటాడు కదా. నా పెట్టెను నమ్ముకుని దిగితే వాడు బతికి బట్టకడతాడా? నాకు తెలియాల్సింది అదొక్కటే."

కూర చల్లారిపోతోంది తినండి అన్నాను.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. పట్టా పక్కన వరసగా కాంక్రీటు దిమ్మలుంటాయి. వాటిని బట్టే పట్టాని సరిచేస్తాం. ఎక్కడైనా తేడా కనిపిస్తే ఆ దిమ్మకు ఎర్ర చీటీ కట్టాలి. అంతటితో పని ఆగిపోతుంది, నలుగురూ వచ్చి కొలుస్తారు, పుస్తకంలోకి ఎక్కుతుంది. తేడా లేకపోతే 'సరిగ్గా ఉంది' అని రాసి సంతకం పెడతాం. ఆరేళ్ళలో నా భాగంలో ఒక్క ఎర్ర చీటీ కట్టలేదు. దక్షిణం వైపు వాళ్ళకి నెలకొకటి తప్పేది కాదు. వాళ్ళని చూసి తెగ నవ్వేవాణ్ణి. ఆ పొగరే నా కొంప ముంచింది.

డిసెంబరు మొదటివారం. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. సూర్యుడు రాకముందే దుర్బిణి పెట్టి పదో దిమ్మ నుంచి పన్నెండో దిమ్మకు చూశాను. మధ్యలో పదకొండోది పక్కకుంది. పడమరకి. గోరంత.

దుర్బిణి తుడిచి మళ్ళీ చూశాక గుర్తొచ్చింది. జూలైలో నీళ్ళ ట్రక్కు ఒకటి ఆ దిమ్మను తాకింది. పొద్దెక్కాక చూపు కొలత తీయకూడదు. ఎండకి కాంక్రీటు ఒక పక్కే వేడెక్కి ఒరుగుతుంది, నేల మీది గాలి కూడా అల్లాడుతుంది. ఈ మాట కుర్రాళ్ళకి వందసార్లు చెప్పి తిట్టినవాణ్ణి. ఆ రోజు మాత్రం, ఎర్ర చీటీ ఎవడు కడతాడులే, నా కన్ను నాకు తెలియదా అనుకుని తొమ్మిదింటి ఎండలో దిమ్మను నిలబెట్టేశాను. ఆ దిమ్మను నమ్మి పట్టాని 'సరిచేశాను'. అయిదు నెలలుగా పెట్టె నిజం చెబుతోంది. అబద్ధమాడుతున్నది నేను.

అప్పుడైనా చీటీ కట్టొచ్చు కదా? కట్టలేదు. పన్నెండో తారీఖు బండి తిన్నగా పోతే చాలు, పెట్టె గెలుస్తుంది, నా పరువూ దక్కుతుంది అని లెక్క వేసుకున్నాను. మూడు తెల్లవారుజాములు ఒక్కణ్ణే వెళ్ళి దిమ్మను లాగి, బోల్టులు వదులు చేసి, పట్టాని జరిపి బిగించాను. రెంచి గీతలు కనబడకుండా గ్రీజు పూసి దుమ్ము చల్లాను. పుస్తకంలో 'సరిగ్గా ఉంది' అని రాశాను. పని మాత్రం అంత శుభ్రంగా చేస్తాను నేను.

పదో తారీఖు మధ్యాహ్నం మమ్మల్నందరినీ షెడ్డులోకి పిలిచారు. ఆ విమానం తయారీయే రద్దయిందన్నారు. ఇక పెట్టె లేదు, బండి లేదు, పన్నెండో తారీఖు పరుగు లేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

మర్నాడు పొద్దున్న హాస్కెట్ తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంటుంటే వెళ్ళాను. ఆఖరి నివేదిక బల్ల మీద ఉంది, సంతకం కూడా అయిపోయింది. పెట్టె నమ్మదగినది కాదని ఆయనే రాశాడు. ఇకపై ఇలాంటి పని ముట్టనని, బావమరిదితో కలిసి ట్రాక్టరు విడిభాగాలు అమ్ముకుంటానని చెప్పాడు. నేను తలుపు వేసి మొత్తం కక్కేశాను. ట్రక్కూ, ఎండా, దిమ్మా, గ్రీజూ, ఏదీ దాచలేదు.

ఆయన నెమ్మదిగా నవ్వాడు. "నన్ను ఓదార్చమని మీ ఆవిడ పంపించిందా నిన్ను?"

"దేవుడి మీద ఒట్టు. మీ పెట్టెలో ఏ లోపమూ లేదు. నాదే తప్పు."

"నువ్వు తప్పు చేస్తే ఎర్ర చీటీ కట్టేవాడివయ్యా. నాకు తెలుసు నీ సంగతి."

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్ళి ట్రక్కెక్కించి పదకొండో దిమ్మ దగ్గరికి తీసుకుపోయాను. నా చేత్తో ఎర్ర చీటీ కట్టాను. ఆచారం ప్రకారం నలుగురూ వచ్చారు. నా పినతండ్రి కొడుకు గుమెర్సిందో దుర్బిణి పెట్టాడు. మబ్బు పట్టిన చలి రోజు, కొలతకి అంతకంటే మంచి రోజు ఉండదు. వాడు ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు, బోల్టులు తడిమాడు, పట్టా పొడుగునా తీగ లాగి కొలిచాడు.

"ఏంటన్నా ఇది? వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత తిన్నగా మన తాత కూడా పెట్టలేడు."

మూడు రోజుల క్రితమే జరిపానని అరిచాను. ఎక్కడ గీతలన్నారు వాళ్ళు. నేనే చెరిపేశానన్నాను. ఎవరూ నవ్వలేదు. కొలువు పోతుందన్న దిగులుతో మతి చెదిరిందని అనుకున్నట్టున్నారు. గుమెర్సిందో నా కళ్ళలోకి చూడకుండా చీటీ విప్పేసి, పుస్తకంలో 'సరిగ్గా ఉంది' అని రాసి, సంతకం పెట్టమని నాకే అందించాడు.

హాస్కెట్ నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి, ఈసారి మిరపకాయల వల్ల కాదు.

"నా కోసం ఆరేళ్ళ పేరు పాడుచేసుకోబోయావు కదయ్యా. ఈ మేలు చచ్చేదాకా మర్చిపోను" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను పుస్తకం పట్టుకుని పట్టా మీద కూర్చున్నాను. సంతకం పెట్టాలి. పట్టా నిజంగానే సరిగ్గా ఉంది. పెట్టాను.