పది గజాలు ముందుకు

నేను ఒక డీజిల్ గన్నుని. తుపాకీ కాదు, హడలిపోకండి. పెట్రోలు బంకులో గొట్టం చివర వేలాడుతూ, బండి ట్యాంకులో మూతి పెట్టి డీజిల్ కక్కుతానే, ఆ గన్నుని. అందులోనూ అల్లాటప్పా గన్నుని కాను. లారీల లైను గన్నుని. నా మూతి లావు. కార్లకు పోసే మా చిన్నగన్నులు నిమిషానికి ముప్పై నలభై లీటర్లు పోసి ఆయాసపడతాయి. నేను ఎనభై పోస్తాను. గొప్పలు చెప్పుకుంటున్నాను అంటారా? అవును, గొప్పే. మీరు పోయండి చూద్దాం.

ఎక్కడ పోత పోశారో నాకు గుర్తు లేదు. మీరు పుట్టిన మంచం మీకు గుర్తుందా? అల్యూమినియం ఒళ్ళు, స్టీలు మూతి, పైన ఆకుపచ్చ రబ్బరు చొక్కా. అట్టపెట్టెలో పడుకుని ఎన్ని ఊళ్ళు దాటానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి నక్కపల్లి దాటాక హైవే పక్కన ఒక బంకులో ఉన్నాను. నన్ను మొదట పట్టుకున్న చెయ్యి సింహాచలానిది. చీర మీద ఖాకీ చొక్కా, మెడలో విజిలు, నోట్లో ఎప్పుడూ ఒక కేక. బంకు యజమాని పేరు ఎవరికీ తెలియదు గాని, విశాఖ నుంచి తుని దాకా లారీవాళ్ళందరికీ సింహాచలం తెలుసు.

ఒకటి చెబుతాను వినండి. లారీవాళ్ళు మోటుమనుషులని లోకం అనుకుంటుంది. లోకానికి ఏం తెలుసు? ఏడేళ్ళు వాళ్ళ ట్యాంకుల్లో మూతి పెట్టినదాన్ని నేను. వాళ్ళకొక ధర్మం ఉంది. బండి ఆపు, దిగు, నింపించు, మూత బిగించు, ఎక్కు, పది గజాలు ముందుకు తీయి. ఆ తర్వాత నీ ఇష్టం. టీ తాగు, టైర్లు తట్టి చూసుకో, ఇంటికి ఫోను చేసి పెళ్ళాంతో పోట్లాడు. ఏదైనా సరే, ఆ పది గజాల అవతల. నీ వెనకవాడికి నీ కడుపులాంటి కడుపే ఉంది, అదీ ఖాళీగా ఉంది. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. పెద్దలు కూర్చుని చేసిన చట్టం కాదు, ఎండలో నిలబడ్డవాళ్ళు చేసుకున్నది. అందుకే అందరూ పాటిస్తారు.

అలాంటి చోటికి మే నెల ఎండలో, మిట్టమధ్యాహ్నం, ఒక ఇల్లు వచ్చింది.

నిజంగా ఇల్లే. చక్రాల మీద ఇల్లు. లోపల మంచం, వంటగట్టు, ఫ్రిజ్జు, స్నానాలగది, కిటికీలకు పువ్వుల పరదాలు. క్యారవాన్ అంటారట. నడిపేది విశ్వేశ్వరం గారు, రిటైరైన కాలేజీ ప్రిన్సిపాల్. పక్క సీట్లో ఆయన భార్య హైమావతి గారు. హైదరాబాదు నుంచి అరకు బయలుదేరారు. బండి కొని తొమ్మిది రోజులు. ముందువైపు కార్ల లైను ఉంది, వెనకవైపు లారీల లైన్లు రెండు. అందులో ఒకదాన్ని ట్యాంకరులోంచి డీజిల్ దించుకోవడానికి మూసేశారు. మిగిలింది నాది. విశ్వేశ్వరం గారు పాపం మంచి మనసుతోనే ఆలోచించారు. మనది పెద్ద బండి, కార్లవాళ్ళకు అడ్డం ఎందుకు అనుకుని నా దగ్గరికొచ్చి ఆగారు. ఈ దేశాన్ని ఇలాంటి మంచి మనసులే సగం ఆపేశాయి.

సింహాచలం నన్ను తీసుకెళ్ళి వాళ్ళ ట్యాంకుకు పెట్టింది. నేను దూరలేదు. తిప్పి పెట్టింది. ఊహూఁ.

"బాబుగారూ, ఈ గన్ను మీ బండికెక్కదు. ముందుకి తీసి కార్ల లైన్లోకి ఎల్లండి."

"ఎక్కకపోవడం ఏమిటమ్మా? మాది పెద్ద బండి."

"బండి పెద్దదే బాబూ. గొంతే సన్నం."

నాకు నవ్వాగలేదు. మూతిలోంచి ఒక చుక్క రాలింది. మేము అలాగే నవ్వుతాం.

విశ్వేశ్వరం గారు వెళ్ళాలి కదా? వెళ్ళలేదు. బండితో ఇచ్చిన పుస్తకం తీసి, కళ్ళజోడు మార్చి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ఈలోగా హైమావతి గారు టీ పెడదామని స్టవ్ వెలిగించారు. నా పక్కన! డీజిల్ పక్కన! సింహాచలం విజిలు ఊదిన ఊదుడికి పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి.

"పొయ్యార్పండమ్మగోరూ! డీజిలు కాడ పొయ్యేటి, అందరం కలిసి ఎగిరిపోదుమా ఏటి?"

హైమావతి గారు గబుక్కున ఆర్పేసి, నాలుక కరుచుకున్నారు. ఆమె తప్పు కూడా పెద్దది కాదు. ఎవరింట్లో వాళ్ళు పొయ్యి వెలిగించుకుంటారు. ఇల్లు ఎక్కడుందో మరిచిపోయారు, అంతే.

అప్పుడు కిటికీలోంచి ఎండ పుస్తకం మీద పడింది. ప్రిన్సిపాల్ గారు ఒక మీట నొక్కారు. బండి పక్కనుంచి జుయ్ మంటూ ఒక పందిరి బయటికొచ్చింది. చారల గుడ్డ, రెండు ఇనుప చేతులు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త క్యారవాన్‌వాడు స్తంభమెరగడు. అందులో ఒక చెయ్యి సూటిగా వెళ్ళి బంకు స్తంభం వెనక ఇరుక్కుంది. మళ్ళీ మీట నొక్కారు. గుర్రుమంది. ఇంకోసారి నొక్కారు. గుర్రు కూడా లేదు.

ఇక బండి ముందుకు పోదు, వెనక్కి రాదు.

సరిగ్గా అప్పుడే వెనక ఒక ఆరు చక్రాల బండి వచ్చి ఆగింది. దాని వెనక స్టీలు మోసే ట్రైలరు. ఆ వెనక హైవే. ట్రైలరు డ్రైవరు దాలినాయుడు కిందకు దిగాడు. పనసపండంత తల, దానికి తగ్గ గొంతు.

"ఓలమ్మో, పెళ్ళి పందిరేశేశారేటి! సింహాచలవాఁ, పెళ్ళెవలిదే? బోజనాలున్నాయా నేవా?"

నవ్వులే నవ్వులు. హారన్లే హారన్లు. నేనూ చుక్కలు రాల్చాను. కాని ఆరు చక్రాల బండి డ్రైవరు నవ్వలేదు. అతని పేరు పోసియ్య. అనపర్తి దగ్గర మనిషి. పరిగెత్తుకుంటూ వచ్చి ప్రిన్సిపాల్ గారికి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా, తమరికి దణ్ణం పెడతానండి. నా బండిలో కోడిపిల్లలున్నాయండి. ఒక్కరోజు పిల్లలండి. బండి నడిస్తేనే వాటికి గాలండి. ఆగితే ఉడికిపోతాయండి బాబూ."

అప్పుడు అందరికీ వినిపించింది. హారన్ల కింద ఇంతసేపూ వినపడని కీచుకీచు. నలభై పెట్టెలు, పెట్టెకు వంద పిల్లలు. పొద్దున అనపర్తిలో గుడ్డు పగలగొట్టుకుని వచ్చినవి, సాయంత్రానికి శ్రీకాకుళం షెడ్లకు చేరాలి. గుడ్లు పెట్టే జాతి పెట్టలు. దేశానికి గుడ్డు పెట్టడానికి బయలుదేరినవాళ్ళు దారిలో మన పందిరి కింద చావాలా?

పోసియ్య జోడించిన చేతులు దించలేదు. "కిందటి నెల టైరు పేలి గంటసేపు ఆగిపోయానండి. మూడు పెట్టెలు పోయాయండి. ఇంకోసారి పోతే స్టీరింగు ముట్టుకోవద్దన్నారండి మా ఓనరు గారు. నాకీ పని తప్ప ఇంకోటి రాదండి."

హారన్లు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళు పిల్లలకు క్రమశిక్షణ చెప్పిన మనిషి ముఖం చూడాలి అప్పుడు! క్లాసులో బెంచీ ఎక్కి నిలబడ్డ కుర్రాడి ముఖం.

ఎవరూ ఏమీ అనకముందే హైమావతి గారు తలుపు బార్లా తీశారు. "మా ఇంట్లో ఏసీ ఉంది. బ్యాటరీ మీద నడుస్తుంది. ఆ పెట్టెలు లోపలికి ఇవ్వండి."

"అమ్మా, పదహారులో పెడితే వణికి చస్తాయండి. పసిపిల్లలండి. ముప్పైలో పెట్టండి."

"ముప్పై ఏమిటయ్యా, మేం చస్తాం!"

"మీరు బయటికి రండమ్మా," అంది సింహాచలం.

ఇక చూడండి నా సామిరంగా! ప్రిన్సిపాల్ గారికి ఒక్క విద్య వచ్చు, మనుషుల్ని వరసలో నిలబెట్టడం. ఆ రోజు ఆ విద్య పనికొచ్చింది. "మీరిక్కడ! మీరక్కడ! తోసుకోవద్దు! పెట్టె తలకిందులు చేయొద్దు!" అని అరుస్తుంటే, లారీవాళ్ళు, బంకువాళ్ళు, ముందు లైన్లో కార్లు దిగి వచ్చినవాళ్ళు, చేతిలోంచి చేతిలోకి పెట్టెలు అందించారు. మంచం మీద పన్నెండు. వంటగట్టు మీద ఆరు. సోఫా మీద, సీట్ల మీద, స్నానాలగదిలో. ఒక పెట్టె మూత ఊడి, వంద పసుపుముద్దలు హైమావతి గారి పట్టుచీరల సంచిలోకి, ఉప్పుడబ్బా వెనక్కి, దిండ్ల మధ్యకు చెదిరిపోయాయి. పోసియ్య మోకాళ్ళ మీద పాకుతూ, వాడిపోయిన పిల్లల్ని ఏరి, ఒక్కొక్కదాని ముక్కు నీళ్ళలో ముంచి లేపుతున్నాడు. ముంచిన పిల్ల తల ఎగరేసి గుటక వేస్తే, బయట నిలబడ్డ జనం ఓ అని కేక! వన్డే మ్యాచ్‌లో సిక్సరు కొట్టినట్టు!

ఇవతల దాలినాయుడు స్పానరు పట్టుకుని ఇంటి పైకప్పు ఎక్కాడు.

"పెద్దయ్యా, పందిరి గావాలా, దారి గావాలా?"

"విప్పెయ్ నాయనా. పీకెయ్."

నాలుగు బోల్టులు. పందిరి కూలింది. దాలినాయుడు దాన్ని చుట్టి, ఇంటి పైకప్పు మీద పడేసి, స్టీలు లోడుకు వేసే ముడి వేసి కట్టాడు. ఆ ముడి అరకు దాకా వదలదు, ఆ తర్వాత కూడా వదలదు. విశ్వేశ్వరం గారు స్టీరింగు పట్టుకున్నారు. నాలుగువేల కోడిపిల్లలతో ఇల్లు కదిలింది. పది గజాలు ముందుకు వెళ్ళి ఆగింది.

పది గజాలు! ఇందాకే చెయ్యాల్సిన పని!

పోసియ్య బండి నా ముందుకు వచ్చింది. నేను ఒక్క దూకు దూకాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు, ట్యాంకు నిండిపోయింది. బండిని ఇంటి పక్కకు తీసి, పెట్టెలన్నీ మళ్ళీ ఎక్కించారు. చివరి పెట్టె సర్దుతూ చూస్తే, ఒక పిల్ల తక్కువ. ఇల్లంతా వెతికారు. దొరకలేదు. పోసియ్య నవ్వాడు, ఆ రోజు మొదటిసారి.

"పోన్లెండి. దిష్టి తీసినట్టనుకుంటాను. మిగతావన్నీ బతికే ఉన్నాయండి." స్టీరింగును ఒకసారి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నెలలోనే నా పని అయిపోయింది. ఏడేళ్ళు నొక్కితే ఎవరి మీట మాత్రం అరగదు? కొత్త గన్ను వచ్చింది. నన్ను పాతసామాన్ల సంచిలో వేయబోతే సింహాచలం లాక్కుంది. అదే వారంలో విశ్వేశ్వరం గారు హైదరాబాదు నుంచి ఒక బోర్డు పంపారు. బంకులో పాటించవలసిన పద్నాలుగు నియమాలు. గ్రాంథికం, అర్ధ విరామాలు, ఒక శ్లోకం. సింహాచలం అంతా చదివింది. తెల్లరంగు కొట్టించింది. పైన మళ్ళీ రాయించింది: "నింపు. పది గజాలు ముందుకు తీయి. ఆ తర్వాత మాట్లాడు." దాన్ని లారీల లైను మొదట్లో పాతి, కింద తీగతో నన్ను వేలాడదీసింది. చదువు రానివాళ్ళు నన్ను చూసి తెలుసుకుంటారట.

డిసెంబరులో ఒక పగలు ఇల్లు మళ్ళీ వచ్చింది. పందిరి లేదు. సరాసరి కార్ల లైన్లోకి వెళ్ళింది. నింపించింది. పది గజాలు ముందుకు తీసింది. అప్పుడు దిగారు విశ్వేశ్వరం గారు, చంకలో ఒక ఎర్రకోడితో. నడిచి నా దగ్గరికి వచ్చారు.

"అరకులో నా చెప్పులో దొరికిందమ్మా," అన్నారు సింహాచలంతో. "ఇప్పుడు రోజూ గుడ్డు పెడుతోంది. మంచం దానిది, మేము కింద పడుకుంటున్నాం."

అదృష్టం చూడండి, లారీల లైన్లో అప్పుడే డీజిల్ పోయించుకుంటున్నది పోసియ్య. ఉద్యోగం ఉంది, స్టీరింగు ఉంది, బండినిండా కీచుకీచు. కోడిని చూసి కిందకు దూకాడు.

"ఆ ఒక్కటీ ఇదేనాండీ!"

"నీ లెక్కలోది. తీసుకో."

"అమ్మమ్మో! దిష్టికి తీసింది వెనక్కి తీసుకోకూడదండి." కోడి మెడ నిమిరాడు. ఎంత తింటోంది, ఎప్పటి నుంచి గుడ్డు మొదలెట్టింది, ఎక్కడ పడుకుంటోంది. మాటలే మాటలు. ట్యాంకు ఎప్పుడో నిండింది. మూత బిగించారు. వెనక ఒక లారీ, దాని వెనక ఇంకొకటి. హారను మోగింది. పోసియ్యకు వినపడలేదు.

విశ్వేశ్వరం గారు మాత్రం విన్నారు. చంకలో కోడితోనే నిటారుగా నిలబడి, నా పైన ఉన్న బోర్డుకేసి చెయ్యి చూపించి, బంకంతా అదిరేట్టు అరిచారు:

"ముందుకు తీయవయ్యా పోసియ్యా! ఆ తర్వాత మాట్లాడు!"

కోడి కూడా కొక్కొరొకో అన్నంత పని చేసింది. సింహాచలం విజిలు నోట్లో పెట్టుకుని ఊదలేక నవ్వింది. నా ఒంట్లో డీజిల్ వాసన కూడా మిగలక ఆరు నెలలైంది. అయినా ఎక్కడ దాక్కుందో, మూతి చివర నుంచి ఒక్క చుక్క రాలింది.