మూల మీద మూడు చుక్కలు

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురు ఉన్నారు. గడప పక్కన పీట మీద తిరుపాలమ్మ, ఉతికిన బట్టలు మూట కడుతున్న ఆమె కొడుకు ఓబులేసు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తున్న కోడలు మద్దిలమ్మ, బీపీ చూడడానికి వచ్చిన నర్సు సలీమా. మూటలో అన్నిటికంటే అడుగున నేను. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కానీ ఆ రోజు జరిగిందంతా చివరికి నా మీదికే వచ్చింది. అందుకే చెబుతున్నాను.

నేను ఒక దుప్పటిని. తెల్ల నేత, ఎర్ర అంచు. ముప్ఫై ఆరేళ్ళ కిందట మగ్గం దిగి సంతకు వెళితే, నిండు చూలాలుగా ఉన్న సుబ్బరత్నమ్మ బేరమాడి నన్ను కొనుక్కుంది. ఆమె కొడుకు నా మీదే పెరిగాడు. పాలు కక్కాడు, పక్క తడిపాడు, జ్వరమొస్తే నా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఒకసారి కిరసనాయిలు బుడ్డి తన్ని నా నడుమ రేగుపండంత మేర కాల్చాడు. తెల్లదారం దొరక్క వాళ్ళమ్మ నీలం దారంతో మాటు వేసింది. అతను ఇప్పుడు బడిపంతులు. రెండేళ్ళ కిందట సుబ్బరత్నమ్మ పోయింది, నేను ట్రంకుపెట్టె అడుక్కి చేరాను. చలి ఉన్నంతసేపే మనుషులకు దుప్పటి గుర్తుంటుంది.

నన్ను మొదటిసారి ఉతికిన రోజున తిరుపాలమ్మ నా మూలన, ఎంత ఉతికినా పోని నల్లజీడి రసంతో మూడు చుక్కలు, కింద ఒక గీత పెట్టింది. అది ఆ ఇంటి గుర్తు. ఊళ్ళో అరవై ఇళ్ళకు అరవై గుర్తులు. ఆమెకు అక్షరం ముక్క రాదు, ఆ అరవై గుర్తులూ తలలోనే ఉండేవి. కొత్త బట్టల మీద గుర్తు పెడితే ఇప్పటివాళ్ళు ఒప్పుకోరు. వాటిని చేత్తో తడిమి, ఎవరి ఒంటి మీద చూసిందో తలచుకుంటుంది. ఓబులేసుకు ఈ విద్య రాలేదు. ఎవరింటి నుంచి ఏవి వచ్చాయో చీటీ మీద రాసుకుంటాడు.

ఆర్నెల్లుగా ఆమెకు మరుపు మొదలైంది. రేషను డీలరు ఇంటి చీరలు అంగన్‌వాడీ టీచరు ఇంట్లో ఇచ్చి వచ్చింది. ఒక పూటంతా మనవరాలి పేరు నోటికి రాలేదు. అప్పటి నుంచి ఆమెను ఇంట్లో కూర్చోబెట్టారు.

"సిస్టరమ్మా, మతిమరుపుకు టానిక్కేమన్నా రాయండి. సరస్వతాకు లేహ్యం రెండు డబ్బాలు తినిపిస్తిమి. గడప దాటకుండా చూసుకుంటాండాం. అయినా గుణం లేదు" అంది మద్దిలమ్మ.

"గడప దాటకుంటే గుణం ఎట్లా వస్తాది?" సలీమా అవ్వ చేతికి చుట్టిన బీపీ పట్టీ విప్పుతూ అడిగింది. "బీపీ ఇంత ఉండాదే, మాత్ర ఎందుకు మానేసినావవ్వా?"

"మర్చిపోయినా" అని తిరుపాలమ్మ నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

"పొద్దున టీతో పాటే మాత్ర ఇవ్వండి, మరిచేది ఉండదు. మీ టీవీ తొందరగా ఆపి ఆమెను కంటినిండా నిద్రపోనీండి. పగలు చూసింది, విన్నది నిద్రలోనే తలలో కుదురుకుంటాది. ఆకుకూరలు పెట్టండి. నడవనీండి, నలుగురితో మాట్లాడనీండి. గుర్తు చేసుకునే పనే లేకుంటే ఉండేది కూడా పోతాది. పెద్దాస్పత్రిలో ఒకసారి చూపించండి."

నాకు ఆ మాటలు బాగా తెలిసొచ్చాయి. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ పరిచి, దులిపి, ఉతికి, ఆరేసినా నాకేమీ కాలేదు. భద్రంగా దాచిన ఈ రెండేళ్ళలోనే మడతల దగ్గర చివికిపోయాను.

ఓబులేసు మూట ముడి బిగించాడు. "ఒకరివి ఒకరింట్లో ఇచ్చొస్తే తిట్లు తినేది నేను కదా సిస్టరు. సరేమ్మా, ఈ పొద్దు పది ఇళ్ళు. నేను మూట మోస్తా, నోరు తెరవను. అన్నీ సరిగ్గా ఇస్తే రేపటి నుంచి నీ ఇష్టం. ఒక్కటి తప్పినా ఇంట్లో కూచో."

"ఒక్కటికేనా?"

"ఒక్కటికే."

ఆమె పీట మీద నుంచి లేచింది.

ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే చెప్పలేని గుర్తులు దారిలో ఆమెకు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. నూనె మిషను వాసన తగలగానే ఒక ఇల్లు, కుంటికుక్క అరవగానే ఇంకో ఇల్లు. బొటనవేలితో మూలలు తడిమి బట్టలు తీసి ఇస్తోంది. వెనక ఓబులేసు చీటీ చూసుకుని తలూపుతున్నాడు. నాలుగో ఇంటి దగ్గర మాత్రం ఆగిపోయింది. చేతిలో గుర్తు లేని రెండు లుంగీలు. కళ్ళు మూసుకుంది. నాలో నూలుపోగు కదల్లేదు.

"తాగను ఇన్ని నీళ్ళియ్యి తల్లీ" అంది కాసేపటికి.

లోపలి నుంచి "వస్తాండా అత్తా" అని వినబడిన గొంతుతో ఆమె ముఖం విచ్చుకుంది. ఒక లుంగీ మూటలో వేసి, రెండోది చేతిలో ఉంచుకుంది. అదే సరైనది.

"తొమ్మిది" అన్నాడు ఓబులేసు తొమ్మిదో గుమ్మం దిగుతూ. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

"నీ చీటీ చింపి పారేయిరా ఇంక" అని తిరుపాలమ్మ అతని కంటే ముందు నడిచింది.

పదో ఇల్లు పంతులుగారిది. ఆయన భార్య శైలజ తలుపు తీసింది. చొక్కాలు, చుడీదార్లు తీసుకుంది. తర్వాత తిరుపాలమ్మ నన్ను రెండు చేతులతో పట్టుకుని అందించింది.

"ఇది మాది కాదు" అంది శైలజ.

పోయిన వారం చుట్టాలొస్తే పనిమనిషి నన్ను పెట్టెలోంచి తీసి పరిచింది. వాళ్ళు వెళ్ళాక చాకలింట్లో పడేసి పోయింది. అత్త పక్క మీదున్నప్పుడే శైలజ నన్ను పట్టించుకోలేదు, ఇప్పుడైతే చూడనే లేదు.

"మీదే తల్లీ. మూడు చుక్కలు, గీత. మీ అత్తది. పంతులయ్య చిన్నప్పుడు బుడ్డి తన్నినాడు. ఈడ చూడు, నీలం దారం."

ప్రతి మాటా నిజం. ఆమె వేలు నా మాటు మీదే ఉంది. శైలజ మాత్రం ఆమె ముఖం వైపే చూస్తోంది, జాలిగా.

"మా ఇంట్లో దుప్పట్లన్నీ నేను కొన్నవే. నాకు తెలియదా? ఓబులేసూ, అంగన్‌వాడీ టీచరు చెబితే నమ్మలేదు గానీ... పాపం, ఎవరిదో తెచ్చి కథ కూడా అల్లుతోంది."

ఓబులేసు చీటీ రెండువైపులా తిప్పి చూశాడు. "దుప్పటి రాసిలేదమ్మా."

"పనిమనిషి తెచ్చి ఏసిపోయింది రా. నువ్వు ఆ పొద్దు ఇంట్లో లేవు." ఆమె శైలజ వైపు తిరిగింది. "పంతులయ్యను పిలువమ్మా. ఆయనకు తెలుస్తాది."

"ఆయన ఫోన్‌లో ఉన్నారు."

లోపల ఆయన నవ్వు వినబడుతూనే ఉంది. నా అంచు కొరికి ఏడ్చినవాడి గొంతు నాకు తెలియదా? నాకు నోరుంటే ఆ గడప దాటి పిలిచేదాన్ని. మనుషులు నోరున్నవాళ్ళ సాక్ష్యమే నమ్మరు, నాదెవరు అడుగుతారు?

"ఒకటి తప్పింది. పోదాం పా అమ్మా" అన్నాడు ఓబులేసు. తల వంచుకుని నన్ను ఆమె చేతుల్లోంచి లాగాడు. ఆమె మూల వదల్లేదు. చుక్కల మీద బొటనవేలు బిగించి పట్టుకుంది.

"ఒక్క మాట తల్లీ, ఒక్కసారి పిలువు. చూసి, కాదంటే నేనే పోతా" అంది.

శైలజ ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు మూసింది.