పొద్దున ఎక్కించుకున్న మందు

డ్రాయింగు మాస్టారికి పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టదు. యాభై నాలుగేళ్ళు ఆ జబ్బుతో సర్దుకుపోయాక ఇప్పుడు గుండె లయ తప్పింది. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపి, లయ చెడగొడుతున్న చోటును కాల్చాలన్నారు డాక్టర్లు. ముందుగా రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ మందు కొలిచి ఎక్కిస్తారు. తక్కువైతే నెత్తురు ఆగదు. ఎక్కువైతే గడ్డ పుట్టి మెదడుకు పోవచ్చు.

ఆసుపత్రి మంచం పక్కన అక్క కూర్చుంది. ఒక్కరోజు సెలవు పెట్టి వచ్చింది. సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలి.

"చిన్నప్పుడు నీ మోకాలు వాచినప్పుడల్లా నా బడి ఎగిరిపోయేది. ఇప్పుడు గుండెతో మొదలెట్టావా?" అంది.

"మోకాళ్ళు అరిగిపోయాయక్కా. కొత్తది వెతుక్కున్నా."

అక్క నవ్వింది. తన మాటకు ఒకరు నవ్వగా విని ఎన్నాళ్ళయిందో మాస్టారికి గుర్తు రాలేదు.

నర్సు కాగితంతో వచ్చింది. "మాస్టారూ, మందివ్వకముందే మీ రక్తంలో ఫ్యాక్టర్ నలభై శాతం చూపిస్తోంది. మీకు ఒక శాతం దాటదుగా. శాంపిల్ మారిపోయినట్టుంది. పాత లెక్క ప్రకారమే ఎక్కించేస్తాం."

మాస్టారికి సంగతి అర్థమైంది. శాంపిల్ మారలేదు. తెల్లవారుతూనే, బయలుదేరే ముందు, ఇంట్లో తనే ఫ్యాక్టర్ సూది పొడుచుకున్నారు. ఏ పెద్ద పనికి గడప దాటినా అదే అలవాటు. తన నెత్తురు సంగతి ఇంకొకరికి వదిలేసి ఎరగరు.

నోరు విప్పితే ఆపరేషన్ రేపటికి పోతుంది, రేపు అక్క ఉండదు. విప్పకపోతే మందు మీద మందు.

నర్సు సీసా మూత తీసింది.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. "శాంపిల్ నాదే. పొద్దున ఇంట్లో ఎక్కించుకున్నాను."

డాక్టర్ వచ్చాడు. తిట్టలేదు. "చెప్పి మంచిపని చేశారు. రేపు మళ్ళీ కొలిచి చేద్దాం" అని వెళ్ళిపోయాడు.

అక్క సంచి దగ్గరికి లాక్కుంది. "రేపు నాకు సెలవివ్వరురా."

"తెలుసక్కా. రైలు టైమవుతోంది, బయలుదేరు."

"చెప్పకుండా ఉండాల్సిందని మాత్రం అనను. అంటే నా నోరు పడిపోతుంది." తమ్ముడి తల నిమిరి, సంచి భుజాన వేసుకుని వెళ్ళింది.

మర్నాడు ఉదయం మందు కొలత సరిపోయింది. ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ ఆపి, నర్సు ఆయన కళ్ళజోడు తీసింది.

"ఇది ఎవరికివ్వమంటారు మాస్టారూ?"

ఆయన వరండా వైపు తల తిప్పారు. కళ్ళజోడు లేకపోయినా, కుర్చీలు ఖాళీగా ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

"ఎవరూ లేరమ్మా. నీ దగ్గరే ఉంచు."

ఆమె దాన్ని జేబులో వేసుకుని స్ట్రెచర్‌ను లోపలికి నెట్టింది.