గాజు తలుపు వెనక చొక్కాలు

కలకత్తా మెటియాబ్రుజ్‌లో రేవు గోడకి ఆనుకుని ఉన్న సందులో ముందునుంచి బట్టలు వేసే వాషింగ్ మిషన్ ఉన్నది పుష్పరాణి ఒక్కదాని ఇంట్లోనే. అందుకని ఆ సందులో ఎవరికి మిషన్ మీద మనసు పుట్టినా ముందు వచ్చి ఆమె గుమ్మంలో కూర్చునేవారు. మంచీ చెడ్డా అడిగేవారు, టీ తాగేవారు, వెళ్ళిపోయేవారు. కొన్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

ఆ పొద్దున్న మేరీరాణి వచ్చింది. ఆమె మొగుడు కూర్మయ్యా, పుష్పరాణి మొగుడు ఆనందరావూ ఒకే కాంట్రాక్టరు కింద రేవులో ఓడల సరుకు దింపుతారు. గ్యాంగులు మాత్రం వేరు.

"పైనుంచి ఏసేది కొనమంటావా అప్పా, నీలాగ ముందునుంచి ఏసేదా?"

"నీళ్ళు తక్కువ తాగుతాది. మన కుళాయికి అదే పెద్ద సుఖం," అంది పుష్పరాణి, మిషన్ నోట్లోకి ఒక్కో చొక్కా కుక్కుతూ. "బట్ట సిరగదు. ఎంత ముసురు పట్టినా సగం ఆరిపోయే బయటికొత్తాది."

"మరి సెడ్డ?"

"ఒంగి ఒంగి నడుం పోతాది. మామూలు పౌడరేసినావంటే నురగ ఒక పట్టాన తగ్గదు. రబ్బరు సుట్టూ తుడకపోతే కంపు. పిండినప్పుడు ఇల్లంతా అదురుతాది. ఇంక ఒకపాలి తలుపు పడిందా, పనయ్యేదాకా ఎవులొచ్చినా తెరుసుకోదు. మొన్న మా ఆయన గేటు పాసు జేబులో ఉండిపోతే, పాసు అలా తిరగతా ఉంటే ఎదురుగా కూకోని సూసినాడు."

మేరీరాణి నవ్వి, గొంతు తగ్గించింది. "మరి ఆ గాజు తలుపు?"

పుష్పరాణి తలుపు మూసి బటన్ నొక్కింది. లోపల టక్కున తాళం పడింది. "అది మంచో సెడ్డో నాకూ తెల్దే," అంది.

ఆ మిషన్ల సంగతి అందరికీ తెలిసిందే. నీళ్ళు నిండి నురగ పల్చబడ్డాక లోపలి బట్టలు దొర్లడం మానేసి లేచి నిలబడతాయి. వాటిని మళ్ళీ తొడుక్కున్నవాళ్ళు ఆ రోజు ఏం చేస్తారో, అవి ముందే చేసి చూపిస్తాయి. పుష్పరాణి అత్తగారు అమ్మన్నమ్మ చీర గాజు వెనక గొంతుక్కూర్చుని చేపలు బేరమాడేది. తమ్ముడు సుందర్ పనికి వెళ్తున్నానని చెప్పిన రోజు వాడి గళ్ళ చొక్కా సినిమా హాలు గోడకి జారబడేది, సాయంత్రం వాడింటికి వచ్చేసరికి అక్క చేతిలో చీపురు సిద్ధంగా ఉండేది. పుష్పరాణి తన నైటీని చూసుకోవడం ఎప్పుడో మానేసింది. అది అందులోనూ గిన్నెలే తోముతుంది. పైనుంచి వేసే మిషన్లలోనూ ఇదే జరుగుతుందేమో, మూత ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలీదు.

ఆ మిషన్ మొదట సాల్ట్ లేక్‌లో ఉండే సుజన గారిది. ఆఫీసు ఉద్యోగం చేసుకునే ఆవిడ దగ్గర పుష్పరాణి వంట చేసేది. ఆవిడ ఊరు మారిపోతూ మిషన్ ఇచ్చేసింది. గాజు తలుపుకి చిన్న పూల కర్టెన్ ఉండేది. "అది తియ్యకు పుష్పా, చూడకుండా ఉంటేనే హాయి," అని చెప్పి మరీ ఇచ్చింది. పుష్పరాణి మిషన్ ఇంటికి రాగానే కర్టెన్ పీకి ట్రంకు పెట్టెలో పడేసింది. అంత మంచి గాజుకి ముసుగేమిటని ఆమె బాధ.

ఇప్పుడు లోపల తిరుగుతున్నవి ఆనందరావు గ్యాంగు చొక్కాలు. కాంట్రాక్టరు ఇచ్చిన నారింజ రంగు పొడుగు చేతుల చొక్కాలు, గ్యాంగులో ఆరుగురైతే ఆరు. ఆ చొక్కా ఒంటి మీద లేనివాణ్ణి గేటు లోపలికి రానివ్వరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రేవు గ్యాంగులన్నిటిలో ఒక పట్టింపు ఉంది. చొక్కా ఎవరిదీ కాదు. పేరు కుట్టుకోకూడదు, గుర్తు పెట్టుకోకూడదు. కుప్పలోంచి ఏది చేతికొస్తే అది తొడుక్కోవాలి. ఇది నాది అన్నవాడి మీదే క్రేన్ కొక్కెం తెగి పడుతుందని వాళ్ళ భయం. ఆనందరావు తాత నాటి నుంచీ అలాగే నడుస్తోంది, మార్చే ధైర్యం ఎవరికీ లేదు.

మేరీరాణి వెళ్ళిపోయింది. పుష్పరాణి పీట మీద కూర్చుని పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ గాజు వైపు చూసింది.

చొక్కాలు లేచి నిలబడ్డాయి. ఓడ పక్కన నిలబడ్డట్టు వరసగా ఉన్నాయి. క్రేన్ నుంచి బరువు దిగేటప్పుడు ఆనందరావువాళ్ళు చెయ్యెత్తి "ఆరియా, ఆరియా" అని అరుస్తారు. ఒక చొక్కా అచ్చం అలాగే చెయ్యెత్తి కిందికి, కిందికి అని ఊపింది. తరవాత ఆ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మిగతా చొక్కాలు ఒక్కసారి వెనక్కి గెంతాయి. చెయ్యెత్తిన చొక్కా మాత్రం ఏదో మీద పడ్డట్టు అణిగిపోయి, అడుగుకి అంటుకుపోయింది. మిగతావి దాని చుట్టూ మూగి వంగాయి. అది మళ్ళీ లేవలేదు.

పుష్పరాణి చేతిలో చాట కింద పడింది. లేచి తలుపు పట్టుకు లాగింది. రాదని తెలుసు, అయినా లాగింది.

"అత్తా! ఓలత్తా, ఇటు రా!"

అమ్మన్నమ్మ వచ్చి వంగి చూసింది. ముసలావిడ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. "ఏ సొక్కాయే అది? ఎవులిదే?"

అదే తెలీదు. ఆరూ ఒక్కలాగే ఉన్నాయి. నీళ్ళు మారాయి, చొక్కాలు మళ్ళీ కలిసిపోయాయి, కాసేపటికి ఉత్త బట్టల్లాగా ముద్దగా తిరగడం మొదలెట్టాయి. ఇందాక పడిపోయింది ఏదో దేవుడికే తెలియాలి. పుష్పరాణికి అందులో మొగుడున్నాడు, తమ్ముడున్నాడు. మిగతా నలుగురికీ పండగలకి ఆమే వండి పెట్టింది. ఎవరి మీదకి తోసి ఊపిరి పీల్చుకోవాలి?

మిషన్ గడగడా పిండి ఆగింది. తాళం విడిపడింది. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళడానికి చొక్కాల కోసం ఆనందరావూ సుందరూ అప్పుడే వచ్చారు. సందు మొగలో మిగతావాళ్ళు బీడీలు కాలుస్తూ నిలబడ్డారు.

"నేనివ్వను మావా," అని పుష్పరాణి మిషన్‌కి అడ్డంగా నిలబడి చూసినదంతా చెప్పింది.

సుందర్ మొహంలో రక్తం లేదు. ఆనందరావు గుమ్మంలోంచి సందు మొగవైపు చూశాడు. తరవాత, "దుంగల ఓడొచ్చింది. మనం పోకపోతే ఇంకో గ్యాంగుని పెట్టీసుకుంటారు. రేపట్నించి మనకి పన్లేదు. ఇన్నాళ్ళూ దేవుడు సూడలేదా? పక్కకి జరుగు," అన్నాడు.

"ఏ దుంగ ఎవులి మీద పడతాదో నీకు తెలుసా?"

"తెల్దు. ఎప్పుడు తెలిసింది కనక?"

అతని గొంతులోనూ భయం ఉంది. దాన్ని కోపంతో కప్పుకుంటున్నాడని పుష్పరాణికి తెలుసు, పదేళ్ళ కాపరం ఊరికే చెయ్యలేదు. అతను ఆమె భుజం పట్టి పక్కకి తప్పించబోయాడు. పుష్పరాణికి వేరే దారి తోచలేదు. గభాల్న వెనక్కి తిరిగి, చొక్కాలు ఇంకా లోపల ఉండగానే తలుపు ధడాలున మూసి బటన్ నొక్కేసింది.

టక్కుమని తాళం పడింది.

"నీ అమ్మ కడుపు..." అంటూ ఆనందరావు ప్లగ్గు పీకాడు. లోపల నీళ్ళు చేరిపోయాయి, తలుపు కదల్లేదు. మళ్ళీ ప్లగ్గు పెట్టాడు. మిషన్ ఆగిన చోటునుంచి తిరగడం మొదలెట్టింది. గాజు మీద గుద్దాడు. బయటున్న నలుగురూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. షిఫ్టు వేళ దగ్గర పడుతోంది, చొక్కాలు నీళ్ళల్లో ఉన్నాయి. చేసేదేం లేక అందరూ గాజులోకి చూశారు.

నురగ పల్చబడింది. చొక్కాలు లేచాయి. ఈసారి నిలబడలేదు. వరసగా, బల్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఒకటి చెయ్యి ఎత్తి టీ గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇంకొకటి పక్కదాని భుజం మీద వాలింది. ఆరూ అలా కూర్చునే ఉన్నాయి.

ఆనందరావు నేలమీద చతికిలబడ్డాడు. సుందర్ ఏడ్చేశాడు.

అప్పుడే ఆనందరావు ఫోను మోగింది. కాంట్రాక్టరు గుమాస్తా. బట్టలు మిషన్‌లో ఇరుక్కున్నాయని ఆనందరావు ఏదో నసిగాడు. అవతలివాడు నాలుగు తిట్టి, "పొద్దున్నుంచీ గేటు దగ్గర కూర్మయ్య గ్యాంగు ఖాళీగా ఉంది. వాళ్ళని పంపేశాను," అని పెట్టేశాడు.

మిషన్ ఒక్కటే తిరుగుతోంది.

కూర్మయ్యవాళ్ళ చొక్కాలు మేరీరాణి కుళాయి దగ్గర బ్రష్షు పెట్టి ఉతుకుతుంది. వాటిల్లో ఏం జరగబోతోందో చూడ్డానికి ఏ గాజూ లేదు. పొద్దున్న ఈ గుమ్మంలోనే కూర్చుని నవ్విన మనిషి. పుష్పరాణి గుమ్మం వైపు అడుగేసింది.

అమ్మన్నమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మనోలు ఇంట్లో ఉన్నారు కదే. ఊరుకో. అందరి గొడవా నీకేటి?"

ముసలావిడ చెడ్డది కాదు. భయపడింది, అంతే. పుష్పరాణీ భయపడే ఉంది. ఊరుకుంటే ఈ రోజు గడిచిపోతుందని ఆమెకీ ఒక్క క్షణం అనిపించింది. ఆ అనిపించడానికే ఎక్కువ భయం వేసి, చెయ్యి విడిపించుకుని బయటికి పరుగెత్తింది.

పనిలో ఉన్నప్పుడు ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వదిలేయాలి, కాబట్టి కూర్మయ్యకి ఫోను చేసి లాభం లేదు. మేరీరాణిని రెక్క పట్టి లాక్కుపోయి ఆటో ఎక్కించింది. దారిలో సంగతి చెప్పింది. మేరీరాణి సిలువ గొలుసు పిడికిట్లో పెట్టుకుని, బిగుసుకుపోయి కూర్చుంది. లారీలు అడ్డం పడ్డ ప్రతిచోటా ఇద్దరూ ఆటోవాణ్ణి బెంగాలీలోనూ తెలుగులోనూ కలిపి తిట్టారు.

గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన వాళ్ళ మొహాలు చూసి లేచాడు. "కీ హోయేఛే దీదీ?" అన్నాడు, ఏమైందని.

"దుంగల ఓడ దగ్గర, దాదా. కొక్కెం కింద ఎవర్నీ ఉండొద్దనండి," అంది పుష్పరాణి, వచ్చిన బెంగాలీలో. "మిషన్‌లో చూశాను."

"ముందు తలుపుదా?"

"ఆ."

ఆయన వెంటనే లోపలి షెడ్డుకి ఫోను కలిపాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు. ఎత్తారు. ఆయన గట్టిగా అరుస్తూ రెండు మాటలు చెప్పాడు, అవతల ఎవరో విన్నారో లేదో.

గోడ అవతల పెద్ద చప్పుడైంది. కాళ్ళ కింద నేల అదిరింది. కాకులన్నీ లేచాయి.

మేరీరాణి గేటు ఊచలు పట్టుకుని అలా నిలబడింది. లోపల మనుషులు పరుగెత్తుతున్న చప్పుడు, ఈలలు, ఎవరెవరివో కేకలు. వాటిలో తెలుగు మాట ఉందేమోనని ఇద్దరూ చెవులు రిక్కించారు. పుష్పరాణి జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. తలుపు మూసింది తను. ఆ దుంగని కూర్మయ్యవాళ్ళ మీదికి తోసింది తను. కూర్మయ్యకి ఏమైనా అయితే ఈ పక్కన నిలబడ్డ మనిషి మొహం ఎలా చూడాలి?

చాలాసేపటికి లోపలినుంచి నారింజ చొక్కాలు వచ్చాయి. వరసలో చివరి మనిషి కూర్మయ్య. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది, నడక తడబడుతోంది.

"నువ్వేటిక్కడ?" అన్నాడు పెళ్ళాన్ని చూసి. తరవాత తనే చెప్పాడు. "సెయ్యెత్తి నిలబడున్నాను. ఇవతలకి వచ్చీ అని షెడ్డులోంచి ఎవుడో అరిసినాడు. ఎందుకో తెల్దు, వచ్చీసినాను. నేను నిలబడ్డ కాడే దుంగ పడిపోయినాది."

మేరీరాణి అతని చొక్కా గుండీలు పట్టుకుని కూలబడి ఏడ్చింది. గేటు పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

పుష్పరాణి ఇంటికి వచ్చేసరికి గ్యాంగు ఆరుగురూ అరుగు బల్ల మీద వరసగా కూర్చుని టీ తాగుతున్నారు. పని పోతుందని ఎవరూ అనలేదు. ఉతికిన చొక్కాలు ఒంటి మీదున్నాయి, ఎక్కడికీ వెళ్ళాల్సింది లేకపోయినా తొడుక్కున్నారు. సుందర్ బావ భుజం మీద తల వాల్చి ఉన్నాడు.

ఆ రాత్రి పుష్పరాణి ట్రంకు పెట్టె తీసి పూల కర్టెన్ వెతికింది. ఇక చాలు అనుకుంది. మనిషన్నది ఎంతని చూస్తుంది? అమ్మన్నమ్మే దగ్గరుండి గాజు తలుపుకి దాన్ని కట్టింది.

తెల్లారి తలుపు తీసేసరికి సందులో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి చంకల్లోనూ నారింజ మూటలే. కొందరు ఏ గ్యాంగువాళ్ళో కూడా పుష్పరాణికి తెలీదు. గోల లేదు, తోపులాట లేదు, గుడి దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు. అందరికన్నా ముందు మేరీరాణి ఉంది.

"కుళాయి కాడ ఉతకబుద్ధి కాలేదప్పా. మిషనూ కొనను," అంది మూట అందిస్తూ. "నువ్వే సూసి సెప్పు. నాకు సూడాలంటే బయిం."

సుఖపడదామనే ఆ మిషన్ తెచ్చుకుంది పుష్పరాణి. ఉతుకుడు బాధ తప్పుతుందని, ఆ కాసేపూ నడుం వాల్చుకోవచ్చని. ఆమె సందు చివరిదాకా ఉన్న మూటల్ని చూసింది, మిషన్ మీది పూల కర్టెన్ని చూసింది.

"నాకూ బయిమేనే," అంది.

కర్టెన్ విప్పి మడిచి పక్కన పెట్టింది. మేరీరాణి మూట లోపల వేసి, తలుపు మూసి, బటన్ నొక్కింది. తన పీట పక్కనే ఇంకో పీట వాల్చి, మేరీరాణి చెయ్యి పట్టి కూర్చోబెట్టుకుంది. నీళ్ళు నిండుతున్నాయి.