ఒకవైపే అంటిన గాజు

తండ్రి బతికున్నన్నాళ్ళూ వెనకగదిలో పైకప్పు దాకా ఉన్న ఆ చెక్క బీరువాని ఎవరూ అంగుళం కదిపింది లేదు. సున్నం వేసేవాళ్ళు కూడా దాని చుట్టూ వేసి చేతులు దులుపుకునేవారు. ఎందుకు నాన్నా అని కూతురు అడిగితే, "గోడకి ఆనుకుని అలవాటు పడిపోయిందమ్మా, దాని మానాన దాన్ని వదిలెయ్" అనేవాడు.

ఇప్పుడాయన లేడు. ఇల్లు ఒక్కగానొక్క కూతురిది. ఆమె భర్త బస్సు నడిపేవాడు. ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయింది. అద్దెకున్న మూడో అంతస్తు నుంచి ఆసుపత్రికి వెళ్ళాలంటే ఇరుగుపొరుగు అతన్ని కుర్చీతో సహా మోసుకుని దించాలి. వాళ్ళతో నవ్వుతూ మాట్లాడేవాడు. మళ్ళీ పైకి చేరాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. మెట్లు లేని ఇల్లొకటి ఉందన్న ధైర్యంతో ఆమె అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేసింది. అందులోకి కొత్తవాళ్ళు కుదిరిపోయారు కూడా. చేతిలో ఉన్నదంతా ఇక్కడ గడపలు తీయించి, గుమ్మాలు వెడల్పు చేయించడానికే సరిపోయింది.

బీరువా జరిగేసరికి కూలీలు కబుర్లాపేశారు.

నేల నుంచి పైకప్పు దాకా గోడ పగిలి ఉంది. కింద గోరు దూరేంత, పైన వేలు దూరేంత. ఆ పగులుకి అడ్డంగా, నిచ్చెన మెట్లలా, సన్నటి గాజు ముక్కలు. రెండు కొసల్లోనూ సిమెంటు అద్ది అంటించినవి. కంటికి ఆనినవన్నీ నడిమికి విరిగాయి.

"మీ నాన్నగారు కనిపెట్టుకుని ఉన్నారమ్మా," అన్నాడు మేస్త్రి. "గోడ కదిలితే గాజు పగులుద్ది. వెనకాల మురుక్కాలవ ఉంది కదా, పునాది కింద మట్టి జారుతున్నట్టుంది."

"మరెలా?"

మేస్త్రి స్టూలెక్కాడు. "ఇదిగో, అన్నిటికన్నా పైది. ఆఖర్న పెట్టింది ఇదే అయ్యుంటది. చెక్కుచెదర్లేదు. బతికిపోయారు, గోడ సర్దుకుంది. సందులు కూరి పూత వేసేశామంటే మా అత్తగారి మొహంలా మెరిసిపోద్ది."

"మీ అత్త విందంటే పూత నీ మొహానికి పడుద్ది," అన్నాడు కూలీల్లో ఒకడు.

అంతలో భర్త ఫోన్ చేశాడు. "ఏమోయ్, మామయ్య దాచిన బంగారం దొరికిందా?"

"గాజు ముక్కలు దొరికాయి."

"నా జాతకానికి అదే ఎక్కువ. ఇంతకీ మనం ఎప్పుడు దిగుతున్నాం?"

"రంగు ఆరగానే."

అతని గొంతులో ఆత్రం విని ఎన్నాళ్ళయిందో. ఆమెకి కడుపు నిండినట్టయింది.

అందరూ టీకి వెళ్ళాక ఆమె స్టూలెక్కింది. తండ్రి ఫోటోలకి ఫ్రేములు కట్టేవాడు. మిగిలిన గాజు పీలికలైనా సరే, చెయ్యి తెగకుండా అంచులు రాతి మీద నూరి గానీ పక్కన పెట్టేవాడు కాదు. కొట్లో ఒక అద్దం పగిలిందంటే ఆ పూటకి ఆయనకి ముద్ద దిగేది కాదు. పై ముక్క అంచు మీద వేలు పెట్టింది. అదే నునుపు. దుమ్ము తుడుద్దామని గుడ్డతో రాస్తే గాజు కుడి కొస కదిలింది.

మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఎడమవైపు సిమెంటు గట్టిగానే పట్టుకుంది. కుడివైపు సిమెంటుకీ గాజుకీ మధ్య నూనె కాగితం ముక్క ఉంది. ఫోటో అద్దానికి అంటుకోకుండా ఆయన వాడే కాగితమే. గోడ ఎంత కదిలినా ఈ గాజు జారుతుంది తప్ప విరగదు.

బీరువా వెనక పలకని ఆమె అప్పుడు చూసింది. ఫోటో ఫ్రేము వెనక బిగించే అట్టలా, మడిచిన మేకులతో, ఊడదీయడానికి వీలుగా ఉంది. లోపలి బట్టలు తీసి, పలక ఊడదీసి చూసుకునేవాడన్నమాట. ఆయన తప్ప ఇంకెవరూ చూడని చోటు. అక్కడ ఎవరిని నమ్మించాలనుకున్నాడో.

అటకమీద తండ్రి పెట్టెలోంచి ఒక గాజు పీలిక తెచ్చి, రెండు కొసలా సిమెంటు పెట్టి తనే అంటించింది. ఈ గోడ ఆఖర్న చేద్దామని మేస్త్రితో చెప్పింది. ముందుగదిలో రంగు ఇంకా చేతికి అంటుతూండగానే ఆ గాజు విరిగింది. చప్పుడు కూడా వినబడలేదు.

విరిగిన ముక్కా, కాగితమూ చూసి మేస్త్రి బీడీ ఆర్పేశాడు. "మొత్తం దించాలమ్మా. పునాది నుంచి కట్టుకు రావాలి."

"వదిలేస్తే?"

"చెప్పలేం. ఏళ్ళు నిలబడొచ్చు. వచ్చే వానకే..." అని ఆగాడు.

ఆమె వెడల్పు చేయించిన గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. తర్వాత బీరువాని మళ్ళీ గోడకి జరపమంది. మేస్త్రి ఆమె మొహంలోకి చూడకుండా కూలీలను పిలిచాడు.

భర్త వచ్చిన రోజు చక్రాల కుర్చీని ఎవరి చేతా తోయించుకోలేదు. తనే గుమ్మం దాటాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ దాటాడు. అతని మంచం ముందుగదిలో వేయించింది, తనది వెనకగదిలో.

"అన్నీ మార్చావు, ఆ బీరువా మాత్రం అక్కడే ఉంచావేం?"

"గోడకి ఆనుకుని అలవాటు పడిపోయింది. వదిలేశాను."

"అచ్చం మీ నాన్నే," అని నవ్వాడు.

మధ్యాహ్నం అతను కునుకు తీస్తున్నప్పుడు బీరువా తెరిచి, బట్టలు తీసి మంచం మీద పెట్టి, పలక ఊడదీసింది. కొత్త పీలిక ఎడమ కొసకి సిమెంటు పెట్టి అంటించింది. కుడి కొస దగ్గర కాసేపు చెయ్యి ఆగిపోయింది.

తర్వాత కత్తెర తీసుకుని, నూనె కాగితం చిన్న ముక్క కత్తిరించింది.