ఒళ్లు విదిలించని పొట్టేలు

నీలినాలుక రోగం వచ్చిన ఏడాది మా మందలో పన్నెండు గొర్రెలు పోయాయి. ఒక్క పొట్టేలు మిగిలింది. అది బతికితే పోచమ్మకు ఇస్తానని మొక్కాను. బతికింది. మొక్కింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

మా దగ్గర మొక్కు పొట్టేలు మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడే కోస్తారు. మాది రెండుసార్లు గుడి ముందు తడిసి ముద్దయింది కానీ విదిలించలేదు. రెండుసార్లూ నా మరిది ముత్తయ్య కత్తిని మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాడు. నేను లోలోపల సంతోషించాను. దానికి నా చేతి జొన్నరొట్టె అలవాటైంది. నాకు దాని అరుపు అలవాటైంది.

ఒకరోజు కామారెడ్డి నుంచి పశువుల డాక్టరు వినీతమ్మ వచ్చింది. మందంతా పోయినా ఇదొక్కటే ఎందుకు బతికిందో దాని పుట్టుకలోనే ఉంటుందట. అది తెలియాలంటే డీఎన్ఏ చూడాలి, అందుకు చిన్న సీసాడు రక్తం చాలునంది.

"పెట్టెల మంచు కరుగుతున్నది, జల్ది పట్టున్రి," అన్నాడు రక్తం సీసాల కోసం మంచుపెట్టె మోసుకుని ఆమె వెంట వచ్చిన హన్మండ్లు.

ముత్తయ్య కొమ్ములు పట్టాడు. డాక్టరు మెడ మీద బొచ్చు కత్తిరించి, స్పిరిట్ దూదితో రుద్దింది. చల్లగా తగిలేసరికి పొట్టేలు తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది.

ముత్తయ్య కొమ్ములు వదిలేశాడు.

"ఒప్పుకున్నది. వదినె, కత్తి తెస్త."

డాక్టరుకు సంగతేమిటో హన్మండ్లు చెప్పాడు.

"ఆగు ముత్తయ్యా," అన్నాను. "పోచమ్మ పసుపు నీళ్లకు ఇది రెండుసార్లు ఊకున్నది. డాక్టరమ్మ మందుకు ఇదిలిచ్చింది. అంటే ఇది డాక్టరమ్మదే."

"నాకెందుకవ్వా పొట్టేలు?" అంది ఆమె.

"ఆమె పేరు మీదనే కోస్త," అన్నాడు ముత్తయ్య. "తలకాయ గూడ ఆమెకే ఇస్త."

డాక్టరు గబగబా రక్తం తీసేసింది. హన్మండ్లు ఒక ఒప్పుదల కాగితమూ, వేలిముద్రకు సిరా డబ్బానూ నా ముందు పెట్టాడు. నేను కలం అడిగాను. సంతకం పెట్టేముందు చదవాలని సాక్షరతా కేంద్రంలో చెప్పారు. కూడబలుక్కుంటూ మొదటి వరుస నుంచి మొదలుపెట్టాను.

"అవ్వా, మంచు," అన్నాడు హన్మండ్లు.

"ఉండు బిడ్డా, ఇంకా మూడు వరుసలే."

ఆఖరి వరుస దగ్గర ఆగాను. మళ్లీ చదివాను, ఈసారి ముత్తయ్యకు వినబడేలా. "రెండో నమూనా తీసే వరకు ఈ జీవాన్ని అమ్మరాదు, కోయరాదు."

"రెండోది ఎప్పుడు?" అన్నాడు ముత్తయ్య.

"ఆరు నెలలకు," అంది డాక్టరు.

"మరి పోచమ్మ ఏమంటదో."

"ఏమంటది? బతికిచ్చిందే ఆమె. ఎట్ల బతికిచ్చిందో డాక్టరమ్మ తెలుసుకుంట అంటున్నది. తెలుసుకోనియ్యి."

ఆరు నెలలు దగ్గరపడుతుంటే ముత్తయ్య కత్తికి సాన పట్టించాడు. నేను ఎల్లారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డి పోయి వినీతమ్మ ముందు కాగితం పెట్టాను.

"మూడోసారి గూడ తీస్తమని రాయి బిడ్డా."

ఆమె నవ్వి రాసింది. బస్సులో తిరిగి వస్తూ రెండుసార్లు చదువుకున్నాను, ఎక్కడైనా తప్పు పోయిందేమోనని.